అడ్మిట్ చెయ్యాలా, ఇంట్లోనే ఉంచి మందులు వాడించాలా? మానసిక జబ్బు ఉన్న ఇంట్లో ఎలా తేల్చుకోవాలి

ఇంట్లో ఒకళ్ళకి స్కిజోఫ్రీనియానో బైపోలారో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవక తప్పదు. వారం నుంచి నిద్రపోవట్లేదు, టాబ్లెట్ నోట్లో పెట్టుకుని బాత్రూంలోకెళ్ళి ఉమ్మేస్తున్నాడు, పక్కింటివాళ్ళు గోడకి చెవి పెట్టి తన మాటలు వింటున్నారంటున్నాడు, డాక్టర్ దగ్గరికి పోదాం రా అంటే నాకేం జబ్బు మీకే జబ్బు అంటున్నాడు, ఇప్పుడు నలుగురు పట్టుకుని తీసుకెళ్ళి అడ్మిట్ చెయ్యాలా, లేక ఇంట్లోనే ఎలాగో నచ్చజెప్పి మందులు వాడించాలా. బంధువుల్ని అడిగితే తలా ఒక మాట, ఒకాయన ఎర్రగడ్డలో చేర్పించెయ్యండి అంటాడు, ఒకావిడ పెళ్ళి చేస్తే సర్దుకుంటుందంటుంది, ఇంకొకరు ఫలానా దర్గాలో 11 వారాలు ఉంచమంటారు.

మా అన్నయ్యకి చాలా ఏళ్ళుగా ఈ జబ్బు ఉంది. అడ్మిషన్లూ చూశాం, ఇంట్లో మందులతో నెట్టుకొచ్చిన ఏళ్ళూ చూశాం, ఆ క్రమంలో చట్టం కూడా చదవాల్సొచ్చింది, కాబట్టి తెలిసింది వివరంగా రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మీ మనిషి సంగతి తేల్చాల్సింది మీ డాక్టరే, కానీ ఆయన ముందు కూర్చునేసరికి ఏం అడగాలో మనకి తెలిసుంటే చాలా తేడా ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మామూలు రోజుల్లో ఇల్లే మంచిది, ప్రాణం మీదకొచ్చినప్పుడు ఆసుపత్రి, అది కూడా వీలైనంత తక్కువ రోజులు, చేర్పించిన మొదటి రోజునే ఇంటికొచ్చాక ఏంటి అన్నది మాట్లాడుకోవడం మొదలెట్టాలి. అడ్మిషన్ అంటే వదిలించుకోవడం, ఇంట్లో ఉంచడం అంటే ప్రేమ అని చాలామంది అనుకుంటారు, ఆ లెక్కలో ఆలోచిస్తే రెండు వైపులా మనిషే నష్టపోతాడు.

ముందు మూడు విషయాలు చూడండి

2018 మే నుంచి మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అంటే 2017లో పార్లమెంట్ చేసిన చట్టం అమల్లో ఉంది. అంతకుముందు 1987 చట్టం, దానికి ముందు బ్రిటిష్ వాళ్ళ 1912 లూనసీ చట్టం. పాత పద్ధతిలో కుటుంబం, డాక్టర్, మేజిస్ట్రేట్ అనుకుంటే సరిపోయేది, మనిషిని అడిగేవాళ్ళు తక్కువ. ఇప్పుడు మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే డాక్టర్ కొన్ని విషయాలు తేల్చి కాగితం మీద పెట్టాలి, అవి మనకి కూడా ఇంట్లో కూర్చుని ఆలోచించుకోడానికి మంచి కొలతలు. ఒకటి, ఈ మధ్యే తనకి తాను హాని చేసుకున్నాడా, చేసుకుంటానంటున్నాడా. రెండు, ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నాడా, లేదా ఇంట్లో వాళ్ళు భయంతో తలుపులేసుకునే పరిస్థితి తెచ్చాడా. మూడు, తన్ను తాను చూసుకోలేక ప్రమాదంలో పడే స్థితిలో ఉన్నాడా, అంటే తిండి నీళ్ళు మానేసి శుష్కించిపోవడం, రోడ్ల మీద పడి తిరిగి తప్పిపోవడం లాంటివి.

ఈ మూడిట్లో ఒక్కటి ఉన్నా ఆసుపత్రి గురించి ఆలోచించాల్సిందే, ఆలస్యం చెయ్యొద్దు. ఏదీ లేదు, కేవలం తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, పని మానేశాడు, మన మాట వినట్లేదు, ఊళ్ళో పరువు పోతోంది అంటే అది బలవంతంగా చేర్పించడానికి కారణం కాదు, చట్టమే కాదు, నేను కూడా వద్దనే అంటా. ఎందుకంటే భయపడున్న మనిషిని నలుగురు పట్టుకెళ్తే ఆ భయం నిజమే అని వాళ్ళకి రుజువైపోతుంది, తర్వాత రెండేళ్ళు మన చేతి మీదుగా నీళ్ళు కూడా తాగరు.

అడ్మిషన్ కూడా అంతా ఒకటే కాదు

చాలామందికి తెలియనిది ఇదే. పద్దెనిమిదేళ్ళు దాటిన మనిషి తనంతట తాను వెళ్ళి చేరొచ్చు, దానికి ఇంట్లో వాళ్ళ సంతకం కూడా అక్కర్లేదు. తను ఒప్పుకుంటేనే మందులిస్తారు, వెళ్ళిపోతానంటే పంపాలి. ఆ టైంలో పరిస్థితి మరీ బాలేదని డాక్టర్‌కి అనిపిస్తే 24 గంటల వరకు ఆపి పరీక్ష చెయ్యొచ్చు, అంతే. మా అనుభవంలో అన్నిటికన్నా బాగా పనిచేసిన అడ్మిషన్ ఇదే, అన్నయ్య తనే బ్యాగు సర్దుకుని నాలుగు రోజులు పడుకుని వస్తానన్నాడు, తాళం తన చేతిలో ఉందన్న నమ్మకం ఉంటే మనిషి గొడవ పెట్టడు. కాబట్టి జబ్బు తిరగబెడుతున్న మొదటి గుర్తులప్పుడే, నిద్ర తగ్గిన రెండో రోజో మూడో రోజో, నువ్వే వెళ్ళి చేరతావా అని అడగడం అలవాటు చేసుకోండి. పూర్తిగా ముదిరాక ఈ దారి ఉండదు.

రెండోది సపోర్టెడ్ అడ్మిషన్, చట్టంలో 89వ సెక్షన్. మనం బలవంతపు అడ్మిషన్ అనుకునేది ఇదే. దీనికి నామినేటెడ్ రిప్రజెంటేటివ్ దరఖాస్తు చెయ్యాలి, అంటే పేషెంట్ ముందే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఎంచుకున్న మనిషి, అలా ఎవర్నీ ఎంచుకోకపోతే బంధువు, లేకపోతే చూసుకుంటున్న వాళ్ళు. ఇద్దరు విడివిడిగా పరీక్ష చెయ్యాలి, అందులో ఒకరు సైకియాట్రిస్ట్, రెండోవాళ్ళు సైకాలజిస్ట్ లాంటి మానసిక ఆరోగ్య నిపుణులో మామూలు డాక్టరో అయినా పర్లేదు. ఇంతకన్నా తక్కువ కట్టడితో వైద్యం చేసే దారి లేదని కూడా తేలాలి. గరిష్ఠంగా 30 రోజులు. చేర్చుకున్నాక ఏడు రోజుల్లో, ఆడవాళ్ళయితే మూడు రోజుల్లో, రివ్యూ బోర్డుకి, అంటే పేషెంట్ హక్కులు కాపాడటానికి ఈ చట్టం కింద పెట్టిన బోర్డుకి, తెలియజెయ్యాలి. పేషెంట్‌కి ఇష్టం లేకపోతే బోర్డుకి అప్పీల్ చేసుకోవచ్చు, ఉచిత న్యాయసహాయం కూడా హక్కు. అలాగే చేర్చుకున్నారు కదా అని ఇక మనిషి మాటకి విలువ లేదని కాదు, తను నిర్ణయం తీసుకునే స్థితికి వచ్చాడా లేదా అని వారానికోసారి చూడాలి, వస్తే ఉండాలా వెళ్ళాలా అన్నది తన ఇష్టమే.

30 రోజులు సరిపోకపోతే 90వ సెక్షన్ ఉంది, అప్పుడు ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, బోర్డు ఒప్పుకోవాలి, మొదట 90 రోజులు, తర్వాత 120, ఆ తర్వాత 180 చొప్పున. నిజాయితీగా చెప్తున్నా, ఇంట్లో వాళ్ళు ఆ దాకా రానివ్వకూడదు. నెల దాటాక ఆసుపత్రిలో కొత్తగా తగ్గేది తక్కువ, మనిషి ఇంటి అలవాటు తప్పిపోవడం ఎక్కువ. ఇంట్లో వాళ్ళకి కూడా అదే, ఆ గదిలో వేరే సామాను పెట్టేస్తారు, తను లేని జీవితానికి అలవాటుపడిపోతారు, నేను చూశాను.

ఎమర్జెన్సీ అయితే ఈ కాగితాలన్నీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, దగ్గర్లో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా, మానసిక ఆసుపత్రి కాకపోయినా సరే, 72 గంటల వరకు అత్యవసర చికిత్స ఇవ్వొచ్చు. కరెంట్ షాక్ మాత్రం ఎమర్జెన్సీ పేరుతో ఇవ్వకూడదు. ఆ ఈసీటీ అన్నది మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా చెయ్యడం నిషేధం, సరిగ్గా చేస్తే కొందరికి బాగా పనిచేసే వైద్యం కూడా, సినిమాలు చూసి దాన్ని చూసి హడలిపోకండి.

ఎక్కడ చేర్పించాలి

పేరు వింటే జనం భయపడేవి ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు. ఆ భయం వల్లే చాలామంది అప్పు చేసి ప్రైవేట్‌కి వెళ్తారు. ఈ పెద్దాసుపత్రులూ ప్రైవేటూ కాక మూడో దారి ఉంది, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ వార్డులు. షుగర్, థైరాయిడ్, ఫిట్స్ లాంటివి కూడా ఉంటే ఇక్కడే మంచిది, మిగతా డిపార్ట్‌మెంట్లు అదే ఆవరణలో ఉంటాయి, పైగా జనరల్ ఆసుపత్రికి వెళ్ళొచ్చాం అని చెప్పుకోవడం సులువు, ఆ పరువు సమస్య చిన్నదేం కాదు. మరీ గొడవ చేస్తున్న మనిషిని వీళ్ళు ఒక్కోసారి చేర్చుకోరు, అప్పుడు పెద్ద మానసిక ఆసుపత్రే గతి.

ఇంట్లో వాళ్ళు తోడుండటానికి వీలుందా అన్నది నేను అన్నిటికన్నా ముందు అడుగుతా. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ అనే ఆయన కుటుంబాల్ని ఆసుపత్రి ఆవరణలో టెంట్లేసి పేషెంట్లతో పాటే ఉండనిచ్చారు, మనుషులు త్వరగా కోలుకుని ఇళ్ళకి వెళ్ళారు, వెళ్ళేసరికి ఇంట్లో వాళ్ళకి కూడా ఎలా చూసుకోవాలో వచ్చేసేది. వెల్లూరు సీఎంసీ వాళ్ళు బాగాయం ఆసుపత్రిలో అదే దారి పట్టారు, చిత్తూరు వైపు వాళ్ళకి తెలిసే ఉంటుంది, అక్కడ ఇంటి మనిషి పక్కనే ఉండాలి. మన కుటుంబాలకి సరిపోయే పద్ధతి ఇదేనని నాకు అనిపిస్తుంది. దీనికి పూర్తి వ్యతిరేకం, రెండు వారాలు ఎవర్నీ కలవనివ్వం, ఫోన్ కూడా ఇవ్వం అనే చోట్లు, అక్కడ డబ్బు కట్టేముందు ఆగండి. మనుషుల్ని కలవడం, ఫోన్ చేసుకోవడం పేషెంట్ హక్కుగా చట్టంలో రాసుంది. గదిలో ఒంటరిగా వేసి తాళం పెట్టడం నిషేధం, గొలుసులు ఏ రూపంలోనైనా నిషేధం, కట్టెయ్యాల్సొస్తే అప్పటికప్పుడు ప్రమాదం ఆపడానికి మాత్రమే, సైకియాట్రిస్ట్ అనుమతితో, రికార్డులో రాసి.

బాలింత అయితే ఒక మాట. డెలివరీ అయిన కొన్ని రోజులకి తల్లి మతి తప్పినట్టు మాట్లాడుతుంటే, బిడ్డ తనది కాదంటుంటే ఇంట్లో దిష్టి తీస్తూ కూర్చోవద్దు, అది వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన జబ్బు, బాగా తగ్గే జబ్బు కూడా. మూడేళ్ళ లోపు బిడ్డని తల్లి నుంచి మామూలుగా వేరు చెయ్యకూడదని చట్టం చెప్తుంది, బిడ్డకి ప్రమాదం ఉందని డాక్టర్ అనుకుంటేనే తాత్కాలికంగా వేరు చేస్తారు. కాబట్టి బిడ్డతో కలిపి చేర్చుకుంటారా అని అడిగి వెళ్ళండి.

ఇంటి వైద్యం అంటే ఊరికే ఇంట్లో ఉంచడం కాదు

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందట్లేదని తేలింది. అంటే మన దేశంలో ఎక్కువమంది ఆల్రెడీ ఇంట్లోనే ఉన్నారు, వైద్యం లేకుండా. ఇంట్లో ఉంచుతాం అని నిర్ణయించుకుంటే దాన్ని ఒక ట్రీట్‌మెంట్‌లా నడపాలి.

దానికి కావల్సినవి నా లెక్కలో ఇవి. ఇంట్లో ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళే, మందుల బాధ్యత తీసుకోవాలి, అందరూ చూసుకుంటారులే అంటే ఎవరూ చూడరు. నెలనెలా డాక్టర్‌కి చూపించుకోడానికి దూరం, ఖర్చు భరించగలగాలి, గుంటూరు నుంచి ప్రతి నెలా బెంగళూరు వెళ్తాం అని మొదలెట్టిన వాళ్ళు మూడో నెలకే ఆపేస్తారు, నిమ్హాన్స్‌లో ఒకసారి చూపించుకుని ఆ కాగితాలతో మీ జిల్లా ఆసుపత్రిలోనో మెడికల్ కాలేజీలోనో కొనసాగించడం మేలు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటుంది, 1980ల్లో పక్కనున్న బళ్ళారి జిల్లాలో ప్రయోగం చేసి చూసి, 1996లో నాలుగు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాతో మొదలెట్టారు, అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాని కింద జిల్లా ఆసుపత్రిలో డాక్టర్, మందులు ఉండాలి. అన్నిచోట్లా ఒకేలా నడవట్లేదు, వెళ్ళేముందు సైకియాట్రిస్ట్ ఏ రోజు వస్తారో కనుక్కోండి. మందు స్టాక్ లేదంటే బయట కొనండి, స్టాక్ వచ్చాక వాడదాంలే అని మాత్రం ఆపొద్దు.

మందులు మింగనంటున్నవాళ్ళ ఇళ్ళల్లో అందరూ చేసే పని ఒకటుంది, సాంబార్లోనో కాఫీలోనో టాబ్లెట్ పొడి చేసి కలిపెయ్యడం. చేసేవాళ్ళ బాధ నాకు తెలుసు, ఎవర్నీ తప్పు పట్టట్లేదు. కానీ ఏదో ఒక రోజు తెలిసిపోతుంది, నా తిండిలో ఏదో కలుపుతున్నారు అని జబ్బు చెప్పిన మాట నిజమైపోతుంది, ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం తినడు. ఇంకో ప్రమాదం, కొన్ని మందులకి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి, లిథియం, క్లోజపిన్ లాంటివి, తెలియకుండా ఇచ్చే మనిషికి ఆ పరీక్షలు ఏ పేరుతో చేయిస్తారు. దీనికి బదులు డాక్టర్‌ని ఇంజెక్షన్ గురించి అడగండి. రెండు వారాలకో నెలకో ఒకసారి, కొత్త వాటిల్లో మూడు నెలలకోసారి వేసేవి కూడా ఉన్నాయి. రోజూ రెండు పూటలా మందు మింగావా మింగావా అనే గొడవ ఇంట్లోంచి పోతుంది, అదొక్కటే సగం ప్రశాంతత. మనిషికి చెప్పి, ఒప్పించి వేయించండి. ఎందుకు మందు వద్దంటున్నాడో కూడా వినండి, చాలాసార్లు కారణం జబ్బు కాదు, నోట్లో లాలాజలం కారడం, చేతులు వణకడం, బరువు పెరగడం, పెళ్ళైన వాళ్ళకి చెప్పుకోలేని ఇబ్బందులు. డోసు మార్చితేనో మందు మార్చితేనో తగ్గే సంగతులు ఇవి, మనం అడగం, వాళ్ళు చెప్పరు.

ఇంకొకటి, ఇంట్లో మాట. ఎప్పుడూ తిడుతూ, పక్కింటి అబ్బాయితో పోలుస్తూ, లేదా ఊపిరాడనివ్వకుండా వెంటే తిరుగుతూ ఉండే ఇళ్ళల్లో జబ్బు ఎక్కువసార్లు తిరగబెడుతుందని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. కాబట్టి మీ ఇల్లు అలా ఉంటే, నాన్నకి వాడికి క్షణం పడదు, రోజూ కొట్లాటే అంటే, కొన్నాళ్ళు పిన్ని ఇంట్లోనో వేరే ఊళ్ళోనో ఉంచడం కూడా వైద్యంలో భాగమే.

ఇల్లు సరిపోనిది ఎప్పుడంటే, చూసుకునేది డెబ్బై ఏళ్ళ తల్లి ఒక్కతే అయినప్పుడు, ఇంట్లో చిన్నపిల్లలు ఉండి మనిషి కోపం అదుపులో లేనప్పుడు, చచ్చిపోతానన్న మాట పదే పదే వస్తున్నప్పుడు. అప్పుడు ఇల్లే ముద్దు అని పట్టుబట్టొద్దు. అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్, 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు. పేషెంటే చెయ్యాలని లేదు, ఇంట్లో వాళ్ళు చేసినా చెప్తారు. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉంటే 108.

ఇంట్లో ఉన్న మనిషికి బలవంతంగా మందు ఇవ్వమని ఆర్డర్ తెచ్చుకోవచ్చా

ఇది నన్ను చాలామంది అడిగారు, ముఖ్యంగా అమెరికా, ఇంగ్లండ్‌లో పిల్లలున్న వాళ్ళు, అక్కడ ఉంటుందట కదా మన దగ్గర లేదా అని. మన చట్టంలో లేదు. బలవంతం ఆసుపత్రి గేటు దగ్గరే ఆగిపోతుంది, ఇంటికొచ్చాక ఒప్పించడమే.

ఇంగ్లండ్‌లో ఉంది. అక్కడ 1983 మానసిక ఆరోగ్య చట్టం, సెక్షన్ 2 కింద పరీక్ష కోసం 28 రోజులు, సెక్షన్ 3 కింద వైద్యం కోసం ఆరు నెలల దాకా ఆపి ఉంచొచ్చు. 2008 నవంబర్‌లో కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ ఆర్డర్ అని కొత్తది తెచ్చారు, సీటీఓ అంటారు, డిశ్చార్జ్ అయిన మనిషికి షరతులు పెట్టి, తేడా వస్తే 72 గంటల వరకు వెనక్కి పిలిపించొచ్చు. దీంతో మళ్ళీ మళ్ళీ చేరడం తగ్గుతుందని ఆశపడ్డారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ టామ్ బర్న్స్ బృందం 336 మంది మీద చేసిన పరిశోధన లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఆర్డర్ ఉన్నవాళ్ళలో ఏడాదిలో మళ్ళీ ఆసుపత్రిలో చేరింది 36 శాతం, ఆర్డర్ లేకుండా పాత పద్ధతిలో కొద్దిరోజుల సెలవు మీద పంపినవాళ్ళలోనూ 36 శాతమే. తేడా లేదు. బెడ్లు ఏళ్ళ తరబడి తగ్గిస్తూ వచ్చారు, కమ్యూనిటీ కేర్ అన్నారు, అయినా బలవంతపు నిర్బంధాలు పెరుగుతూ ఇప్పుడు ఏడాదికి 50 వేలు దాటాయి, జనాభా లెక్కన చూస్తే నల్లజాతి వాళ్ళని నిర్బంధించడం తెల్లవాళ్ళ కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువ. సైమన్ వెస్లీ అధ్యక్షతన 2018లో వచ్చిన సమీక్ష కూడా బలవంతం తగ్గించాలి, మనిషి మాటకి విలువ పెంచాలి అనే చెప్పింది.

నాకు ఇందులోంచి అర్థమైంది ఒకటే, ఇంట్లో మందు వేయించేది కోర్టు కాగితం కాదు, వారం వారం వచ్చి పలకరించే నర్సు, నమ్మకమున్న డాక్టర్, దగ్గర్లో దొరికే మందు. మన దగ్గర అవి తక్కువ, లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్ట్ కూడా లేని దేశం మనది, అడగాల్సింది వాటినే.

ఇంగ్లండ్‌లో చదువుకుంటున్న, పనిచేస్తున్న పిల్లలున్న తల్లిదండ్రులకి రెండు సంగతులు. అక్కడ చట్టంలో దగ్గరి బంధువుకి కొన్ని హక్కులుంటాయి, డిశ్చార్జ్ అడగడం లాంటివి, కానీ పిల్లలు అక్కడ స్థిరంగా ఉంటూ మీరు ఇండియాలో ఉంటే ఆ లెక్కలో మీరు రారు, అక్కడున్న వేరే బంధువు వస్తారు. కంగారుపడి ఫోన్‌లో అరవకుండా, అక్కడున్న అన్ననో బాబాయినో వెళ్ళి మాట్లాడమనండి. వార్డులో ఉచితంగా అడ్వొకేట్ ఉంటారు, లాయర్ కాదు, పేషెంట్ తరఫున మాట్లాడే మనిషి, వాళ్ళని అడగమని మీ అమ్మాయికో అబ్బాయికో చెప్పండి. సెక్షన్ 3 కింద ఉన్నవాళ్ళకి బయటికొచ్చాక సెక్షన్ 117 కింద ఆఫ్టర్‌కేర్ ఉచితం, టికెట్ కొని ఇండియాకి తెచ్చేసుకునే ముందు అది వదులుకుంటున్నామని ఆలోచించుకోండి.

వ్యాన్ పంపిస్తాం అనే చోట్లకి వద్దు

ఫోన్ చేస్తే చాలు మా మనుషులొచ్చి తీసుకెళ్తారు అనే రీహ్యాబ్‌లు, డీఅడిక్షన్ సెంటర్లు ప్రతి ఊళ్ళో పుట్టుకొచ్చాయి. విసిగిపోయిన ఇంటికి అది వరంలా కనిపిస్తుంది. దయచేసి వద్దు. ఇద్దరు పరీక్ష చెయ్యకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, రివ్యూ బోర్డుకి తెలియకుండా ఆరు నెలలు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఇదే చట్టం కిందకి వస్తాయి, కాబట్టి డీఅడిక్షన్ సెంటర్ అయినా రూల్ అదే. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించమనండి, సైకియాట్రిస్ట్ పేరు, ఎన్ని రోజులకోసారి వస్తారు అని అడగండి, లోపల గదులు చూస్తామనండి. చూపించకపోతే వచ్చెయ్యండి.

గుళ్ళు, దర్గాల సంగతి, దండం పెట్టుకోడానికి వెళ్ళండి, అక్కడ ఉంచి రావొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గరి షెడ్డులో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న మనుషులు పారిపోలేక కాలిపోయారు, 28 మంది. వాళ్ళందర్నీ అక్కడ దించి వెళ్ళింది తగ్గుతుందన్న ఆశతోనే. ఆశ పెట్టుకునే చోట మందు కూడా ఉండాలి.

అసలు ఎవరూ తీసుకెళ్ళలేని పరిస్థితి, మనిషి కత్తి పట్టుకున్నాడు, లేదా ఇల్లొదిలి రోడ్ల మీద తిరుగుతున్నాడు అంటే పోలీసులకి చెప్పొచ్చు. అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళడం వాళ్ళ బాధ్యత, లాకప్‌లో పెట్టకూడదు. మేజిస్ట్రేట్ కూడా పరీక్ష కోసం పది రోజుల వరకు ఆసుపత్రికి పంపొచ్చు. స్టేషన్‌లో ఇది మాకు సంబంధం లేదంటే చట్టంలో 100వ సెక్షన్ అని చెప్పండి.

మధ్య దారి, డబ్బు

ఆసుపత్రి అవసరం తీరింది, ఇల్లు ఇంకా సిద్ధంగా లేదు, అప్పుడు హాఫ్‌వే హోమ్, డే కేర్ లాంటివి కావాలి. చట్టం ప్రకారం ప్రభుత్వాలే పెట్టాలి, సుప్రీంకోర్టు కూడా పదే పదే రాష్ట్రాలకి చెప్పింది, ఎందుకంటే జబ్బు తగ్గినా తీసుకెళ్ళేవాళ్ళు లేక ఆసుపత్రుల్లోనే మగ్గుతున్నవాళ్ళు వందల్లో ఉన్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఇవి అవసరానికి చాలా తక్కువ, ఉన్నవాటిలో ప్రైవేటువి ఖరీదు. దొరికితే, అందులో ఉన్నవాళ్ళు బయటికెళ్ళి పని చేసుకుని వస్తున్నారా అన్నది చూడండి, 24 గంటలూ లోపలే ఉంటే అది పేరు మార్చిన వార్డు.

ఖర్చు విషయానికొస్తే, హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బుని మిగతా జబ్బుల్లాగే కవర్ చెయ్యాలని చట్టంలో ఉంది, పాలసీ కాగితం తీసి చూసుకోండి, ఓపీ మందులు మాత్రం చాలా పాలసీల్లో రావు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వైద్యం ఉచితం. దీర్ఘకాలం ఉంటే వికలాంగుల సర్టిఫికెట్‌కి పెట్టండి, 2016 చట్టంలో మానసిక జబ్బు కూడా ఉంది, 40 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పింఛను లాంటివాటికి పనికొస్తుంది. చాలా ఇళ్ళల్లో పేరు బయటపడుతుందని పెట్టరు, కానీ రేపు తల్లిదండ్రులు పోయాక ఆ మనిషికి ఉండే ఆధారం అదే.

డిశ్చార్జ్ రోజున చేతిలో ఉండాల్సినవి

డిశ్చార్జ్ సమ్మరీ, మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాక అసలు పేర్లతో, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ, ఏ గుర్తులు కనబడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇంజెక్షన్ అయితే తర్వాతది ఎప్పుడు. ఇంటికి పంపేముందు డాక్టర్ పేషెంట్‌తో, ఇంట్లో వాళ్ళతో, ఇకపై చూడబోయే డాక్టర్‌తో మాట్లాడాలని చట్టంలోనే ఉంది, తొందర్లో వదిలేస్తారు, మీరే కూర్చుని అడగండి. మొదటి రెండు మూడు వారాలు జాగ్రత్త, ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలోనే ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. ఆ రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు డబ్బాలు, ఎక్కువ మాత్రలు అందుబాటులో ఉంచొద్దు.

తర్వాత మనిషి బాగా ఉన్న రోజు చూసుకుని, పండక్కి అందరూ ఉన్నప్పుడు కాదు, మామూలు సాయంత్రం, పక్కన కూర్చుని అడగండి, ఈసారి తిరగబెడితే నీకు ఏం చెయ్యమంటావు, ఏ ఆసుపత్రి వద్దు, ఏ మందు పడలేదు, నీ తరఫున ఎవరు సంతకం పెట్టాలి. దీన్ని అడ్వాన్స్ డైరెక్టివ్ అంటారు, ఇద్దరు సాక్షుల సంతకంతో, తనకి నిర్ణయం తీసుకునే శక్తి ఉందని డాక్టర్ సర్టిఫికెట్‌తో బోర్డులో రిజిస్టర్ చేయించొచ్చు, డబ్బేం తీసుకోరు. మా అన్నయ్య రాసిన దాంట్లో మొదటి వాక్యం నన్ను ఎత్తుకుని కారెక్కించొద్దు, ముందు చెల్లెల్ని మాట్లాడనివ్వండి అని. ఆ తర్వాత ఒకసారి తిరగబెట్టింది, నేను మాట్లాడాను, రెండు గంటలు పట్టింది, తనే నడిచి వచ్చి కారెక్కాడు.